పెద్దత్తను తిట్టే పద్ధతి

ఆసుపత్రి అనగానే డాక్టర్లు గుర్తొస్తారు. కాస్త కృతజ్ఞత ఉన్నవాళ్ళకి నర్సులు కూడా గుర్తొస్తారు. దుప్పట్లు ఎవరికీ గుర్తురావు. మూడు వందల పడకల ఆసుపత్రిలో రోజుకు రెండు వేల పైచిలుకు గుడ్డలు మాస్తాయి. మర్నాడు పొద్దున్నకల్లా అవి శుభ్రంగా, మడత నలగకుండా వార్డుల అల్మారాల్లో ఉంటాయి. వాటంతట అవే ఉతుక్కుని, ఆరేసుకుని, మెట్లెక్కి వస్తాయని పైఅంతస్తులవాళ్ళ నమ్మకం.

నిజానికి అవి నేలమాళిగలోంచి వస్తాయి. శవాల గదికీ విరిగిన కుర్చీల గదికీ మధ్య లాండ్రీ ఉంది. లిఫ్టులో ఆ అంతస్తు బొత్తం మీద అంకె అరిగిపోయి చాలా ఏళ్ళయింది. మళ్ళీ రాయించాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఆ బొత్తం నొక్కాల్సినవాళ్ళకి అంకెతో పని లేదు.

ఆ లాండ్రీని పదకొండేళ్ళుగా నడిపిస్తున్న ఆవిడని అందరూ అక్క అంటారు. కాయితాల మీద ఆవిడ ‘తాత్కాలిక సూపర్‌వైజరు’. ఆరు నెలలకోసారి ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వస్తుంది, మరో ఆరు నెలలు తాత్కాలికంగా కొనసాగమని. పదకొండేళ్ళ తాత్కాలికం. కొన్ని కాపురాలు అంతకాలం నిలబడవు.

అక్క కింద ఎనిమిదిమంది. వాళ్ళతోపాటు మూడు యంత్రాలు, వాటికి పేర్లు. గదిలో సగం ఆక్రమించుకుని, నీళ్ళు తాగుతూ, రోజంతా గొణుగుతూ ఉండే పెద్ద వాషింగ్ మెషీను పెద్దత్త. ఎప్పుడు వేడెక్కి ఆగిపోతుందో తెలియని డ్రయ్యరు బావగారు. ముట్టుకుంటే చుర్రుమనే ఇస్త్రీ రోలరు ఆడపడుచు. ఈ పేర్లు సరదాకి పెట్టినవి కావు. లాండ్రీ మొత్తం వీటి మీదే నడుస్తోంది.

ఎలాగంటే, అక్క మనుషుల్ని తిట్టదు, యంత్రాల్ని తిడుతుంది. సూపర్‌వైజరయిన మొదటి వారంలోనే, మెషీనులో బట్టలు వేసే ఆవిడని, అందరూ లోడింగ్ వదిన అని పిలిచే మనిషిని, ఆలస్యంగా వచ్చావేమని అందరి ముందూ అడిగింది. వదిన నాలుగు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయె, సబ్బు కూడా సరిగ్గా వెయ్యలేదు. ఆ వారం పిల్లల వార్డుకి వెళ్ళిన దుప్పట్లలో సగం వెనక్కి వచ్చాయి. అయిదో రోజు వదిన మళ్ళీ ఆలస్యం. అక్క ఆమె వైపు చూడకుండా మెషీను తలుపు మీద ఒక్కటి చరిచింది.

“పెద్దత్తా, నీకు గడియారం కొనిపెట్టాలా? ఏడింటికి తిరగాల్సినదానివి ఏడున్నరైనా తిరగవు.”

వదిన సబ్బు డబ్బా తెరుస్తూ, మెషీను తరఫున జవాబు చెప్పింది.

“పెద్దత్త అంటోంది, రాత్రంతా పంటి నొప్పట. రేపట్నుంచి ఏడింటికే తిరుగుతానంటోంది.”

మర్నాటి నుంచి ఏడింటికే తిరిగింది. అప్పటినుంచి అదే పద్ధతి. తప్పు ఎవరిదో అందరికీ తెలుసు, చేసినవాళ్ళకి ఇంకా బాగా తెలుసు, కానీ తిట్టు మాత్రం ఇనుముకి తగులుతుంది. జవాబు కూడా ఇనుమే చెబుతుంది. ఇనుముకి మొహం చిన్నబోదు.

ఇంత గొప్ప పద్ధతి ఏ పుస్తకంలోనూ లేకపోవడం వల్ల, ఆసుపత్రి యాజమాన్యం ఒక ట్రైనరును పిలిపించింది.

ఆయనకి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆయన కింద ఇప్పటిదాకా పనిచేసింది ఒక ల్యాప్‌టాప్ మాత్రమే, అదీ ఆ ఉదయం మాట వినలేదు. అయిదో అంతస్తు ఏసీ హాల్లో అన్ని విభాగాల సూపర్‌వైజర్లకీ మూడు రోజుల నాయకత్వ శిక్షణ. మొదటి రోజు అందరిచేతా కాగితం కప్పులతో గోపురం కట్టించాడు. వంటశాల సూపర్‌వైజరూ, సెక్యూరిటీ సూపర్‌వైజరూ గోపురం దగ్గర పోట్లాడుకున్నారు. దాన్ని ఆయన ‘ఆరోగ్యకరమైన సంఘర్షణ’ అన్నాడు. రెండో రోజు అక్కని నిలబెట్టాడు.

“మీ టీమ్‌లో ఎవరైనా తప్పు చేస్తే మీరు ఎలా చెబుతారు మేడమ్?”

“మెషీన్ని తిడతానండి.”

హాలంతా నవ్వింది. ట్రైనరు కూడా నవ్వి, బోర్డు మీద ‘తప్పించుకునే ధోరణి’ అని రాసి కింద గీత గీశాడు. ఆ తర్వాత శాండ్‌విచ్ పద్ధతి బోధించాడు. మొదట ఒక పొగడ్త, మధ్యలో తప్పు, పైన మళ్ళీ ఒక పొగడ్త. బోర్డు మీద రెండు రొట్టె ముక్కలు గీసి, మధ్యలో తప్పుని ఆకులా పెట్టాడు. బొమ్మ బాగా కుదిరింది.

మూడో రోజు మేనేజరు గారు స్వయంగా వచ్చి అసలు సంగతి చెప్పింది. శిక్షణ నెగ్గిన తాత్కాలిక సూపర్‌వైజర్లకి పర్మనెంటు ఉత్తరాలిస్తారు. నెగ్గడానికి ఆఖరి మెట్టు, ప్రతి సూపర్‌వైజరూ తన మనుషుల్ని పనిని బట్టి వరసగా రాసి, చివరి పేరు ఎవరిదో తేల్చి ఇవ్వాలి. ఆ చివరి మనిషిని తీసేసి ఇంకొకర్ని పెట్టుకుంటారు.

“కఠినంగా అనిపిస్తుంది, కానీ నాయకులకి ఇది అవసరం” అంది మేనేజరు గారు. ఆవిడ గొంతులో ఏ కఠినత్వమూ లేదు.

ఆ చివరి పేరు ఎవరిదో అక్కకి కుర్చీలోంచి లేవకముందే తెలుసు. తడుము బాబాయ్.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. వచ్చిన మాసిన గుడ్డల్ని రంగులవారీగా, వార్డులవారీగా వేరుచేసే బల్ల దగ్గర పందొమ్మిదేళ్ళుగా నిలబడుతున్నాడు. ప్రతి దుప్పటినీ అంచు నుంచి అంచుదాకా అరచేత్తో తడుముతాడు, అందుకే ఆ పేరు. లాండ్రీలో అక్కని అక్క అనని మనిషి ఆయనొక్కడే, “అమ్మాయ్” అంటాడు. ఆ తడుముడులో ఇప్పటిదాకా దొరికినవి: పదిహేడు కత్తెరలు, లెక్కలేనన్ని సూదులు, ఒక కట్టుడుపళ్ళ జత, గౌను జేబులో మోగుతున్న ఒక సర్జన్ గారి ఫోను. ఇవేవీ ఏ కాగితం మీదా లేవు. కాగితం మీద ఉండేది ఎన్ని ట్రాలీలు ముగించాడన్నదే. అందులో ఆయనది ఎప్పుడూ కిందినుంచి మొదటి స్థానం.

పక్కనే నిలబడే కుర్రాడి పేరు మెరుపు. బల్ల దగ్గర అతని చేతులు కనిపించవు, గుడ్డలు ఎగరడం మాత్రమే కనిపిస్తుంది. బాబాయ్ ఒక ట్రాలీ ముగించేలోగా అతను రెండు లాగిస్తాడు. చేరిన మూడో వారం, అతను పిడికిట్లో నలిపి విసరబోయిన గలీబుని బాబాయ్ మధ్యలో లాక్కున్నాడు. దాంట్లోంచి వేలెడు పొడవు సూది తీసి, ఏమీ అనకుండా సూదుల డబ్బాలో వేశాడు. మెరుపు ఆ రోజు సగం పూట నెమ్మదిగా పనిచేశాడు.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో శాండ్‌విచ్ అభ్యాసం మొదలుపెట్టింది. ఫోన్ల దుకాణంలో పనిచేసే కూతురు అప్పుడే తలస్నానం చేసి వచ్చింది.

“నీ జుట్టు చాలా బాగుందే. తడి తువాలు మంచం మీద పడెయ్యడం బాలేదు. నీ నవ్వు బాగుంటుంది.”

కూతురు దువ్వెన ఆపి తల్లి నుదురు ముట్టుకు చూసింది. “అమ్మా, ఒంట్లో ఎలా ఉంది?”

ముందు గదిలో కుట్టు మెషీను మీద ఎవరివో ప్యాంట్లు కుడుతున్న భర్త తలెత్తలేదు. “పర్మనెంటు చేస్తారంట కదా, దానికి ట్రైనింగు” అన్నాడు కూతురితో. తర్వాత భార్యతో, “ఆ బాబాయ్ పేరు రాసెయ్. ఎలాగూ రెండేళ్ళలో దిగిపోయే మనిషి.”

“ఆ రెండేళ్ళూ నువ్వొచ్చి తడుముతావా?”

“పదకొండేళ్ళు ఆగావు ఆ కాయితం కోసం.”

“అవును, పదకొండేళ్ళు” అని, తడి తువాలు తనే తీసి ఆరేసింది.

మర్నాడు లాండ్రీలో ప్రయోగం. “వదినా, నువ్వు సబ్బు వేసే పద్ధతి నాకు చాలా నచ్చుతుంది” అంది అక్క, రొట్టె మొదటి ముక్క పెడుతూ. లోడింగ్ వదిన చేతిలో డబ్బా కింద పెట్టి స్టూలు మీద కూలబడింది.

“నన్ను తీసేస్తున్నారా?”

“లేదు, ఇంకా పూర్తికాలేదు. మధ్యలో తప్పు, చివర ఇంకో పొగడ్త ఉంది.”

“ఇంకోటి కూడానా?” వదిన కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. సాయంత్రందాకా ఎవరు ధైర్యం చెప్పినా నమ్మలేదు. చివరికి అక్క పెద్దత్త తలుపు చరిచి, “సబ్బు గొట్టం కడగమని చెప్పి వారమైంది, నీ చెవులకేం వచ్చింది?” అన్నాకే ఆమె ప్రాణం కుదుటపడి, లేచి గొట్టం కడిగింది.

ఈలోగా ట్రైనరు గోడకి ఎనిమిది పెట్టెలు కొట్టించాడు. ఎవరి పేరు వాళ్ళ పెట్టె మీద. ఒక బుట్టలో నీలం రంగు బిళ్ళలు. ట్రాలీ ముగించినప్పుడల్లా ఒక బిళ్ళ తీసి తన పెట్టెలో వేసుకోవాలి. శుక్రవారం పెట్టెలు తెరిచి లెక్క. మొదటి రెండు వారాలు అలవాటు కోసం, మూడో వారం అసలు పరీక్ష. రెండో వారం శుక్రవారం మెరుపు పెట్టెలో ఎనభై ఎనిమిది, బాబాయ్ పెట్టెలో నలభై ఒకటి. మనుషుల పని కొలవడానికి ఇంత సులువైన సాధనం ఉండగా లోకం ఇన్నాళ్ళూ కళ్ళతో చూసి తెలుసుకోవాలని ఎందుకు పాకులాడిందో అర్థం కాదు.

మూడో వారం ట్రైనరు స్వయంగా లాండ్రీలో కూర్చున్నాడు. విరిగిన కుర్చీల గదిలోంచి కొంచెమే విరిగిన కుర్చీ ఒకటి తెప్పించి, అట్ట మీద కాగితం పెట్టుకుని, అక్క ఎవరితో ఏం మాట్లాడుతోందో రాసుకోసాగాడు. ఎవరినైనా పక్కకి పిలిచి మాట చెప్పే వీలు లేదు. అక్కకి ఆ అవసరమూ లేదు. సోమవారం ఎనిమిది గంటలకి ఆవిడ పెద్దత్త ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“పెద్దత్తా, నీకు ఆశ ఎక్కువైంది. దొరికిందంతా నీ పొట్టలోనే కుక్కుకుంటావు, పక్కవాళ్ళ పొట్టలు ఖాళీగా ఉంటే నీకు పట్టదు. ఎవరికి తక్కువైందో చూసి వాళ్ళకి ముందు వెయ్యి. శుక్రవారం నాటికి అందరి పొట్టలూ ఒక్కలా కనిపించాలి నాకు. వింటున్నావా?”

పెద్దత్త గుడగుడలాడింది. ట్రైనరు అట్ట మీద ‘యంత్రాలతో మాట్లాడుతోంది, పని ఒత్తిడి’ అని రాసుకున్నాడు.

లోడింగ్ వదిన ట్రాలీ ముగించి, బిళ్ళ తీసి, గోడ దగ్గరికి వెళ్ళి, తన పెట్టె దాటి బాబాయ్ పెట్టెలో వేసింది. ఆమె వెనక ఇస్త్రీ చేసే ఇద్దరూ అదే చేశారు. సాయంత్రానికి అందరికీ ఇది నల్లా తిప్పినంత మామూలు పనైపోయింది.

ఒక్క మెరుపు తప్ప. అతని బిళ్ళలు అతని పెట్టెలోకే టకటకా పడుతున్నాయి. మొదటి స్థానం వచ్చినవాడి ఫోటో పైన రిసెప్షన్ దగ్గర పెడతామన్నారు, అతను చొక్కా కూడా ఇస్త్రీ చేయించుకున్నాడు. అందులో తప్పేముంది? పందెం పెట్టింది వాళ్ళు, పరిగెత్తమన్నది వాళ్ళు, కాళ్ళు అతనివి.

మంగళవారం అక్క మళ్ళీ పెద్దత్త ముందు నిలబడింది. ఈసారి గొంతు తగ్గించింది.

“పెద్దత్తా, నీకు మతిమరుపు కూడా వచ్చిందా? నీ కడుపులో గుచ్చుకోవాల్సిన సూదిని ఎవరు తీశారో అప్పుడే మరిచిపోయావా? సర్లే. నీ ఇష్టం. ఫోటోలో బాగా పడతావు.”

బల్ల దగ్గర గుడ్డలు ఎగరడం ఒక్క క్షణం ఆగింది. మెరుపు తన కుడి అరచేతి వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత ముగించిన ట్రాలీకి బిళ్ళ తీసుకుని గోడ దగ్గర కాసేపు నిలబడి, బాబాయ్ పెట్టెలో పడేశాడు.

“పెద్దత్త అంటోంది” అన్నాడు బల్ల దగ్గరికి తిరిగొస్తూ, ఎవరి మొహమూ చూడకుండా, “దానికి ఫోటోలు పడవట.”

గురువారం బాబాయ్ వంతు. ఏం జరుగుతోందో ఆయనకి మొదటి రోజే తెలుసు. వేళ్ళతో ప్రపంచాన్ని చదివే మనిషికి గోడ మీది పెట్టె బరువు తెలియదా? ట్రైనరు ఫోను మాట్లాడడానికి గుమ్మం దాకా వెళ్ళినప్పుడు, పెద్దత్త పక్కకి వచ్చి దాని అంచు మీద చెయ్యి వేశాడు.

“పెద్దత్తా, ఆ అమ్మాయితో చెప్పు. నా పేరు రాసేసుకోమను. కాయితం చేతికొచ్చే ముందు పిచ్చిపనులు వద్దను.”

అక్క లెక్కల కాగితంలోంచి తలెత్తలేదు. “పెద్దత్తా, ఆయనతో చెప్పు. నాలుగో వార్డు గలీబులు ఇంకా తడమలేదను. ముందు ఆ పని చూడమను.”

ఆయన వెళ్ళి గలీబులు తడిమాడు.

శుక్రవారం పెట్టెలు తెరిచారు. అరవై మూడు. అరవై మూడు. అరవై మూడు. ఎనిమిది పెట్టెల్లోనూ సరిగ్గా అరవై మూడు. కొంచెం తేడా ఉంచితే బావుంటుందన్న తెలివి ఎవరికీ లేకపోయింది. అక్క అందరి పొట్టలూ ఒక్కలా ఉండాలంది, వాళ్ళు ఒక్కలా ఉంచారు.

ట్రైనరు రెండుసార్లు లెక్కపెట్టాడు. అనుమానపడతాడనుకున్నారు అందరూ. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. మెరుపు ఎనభై ఎనిమిది నుంచి అరవై మూడుకి పడిపోవడాన్ని ‘అహం కరగడం’ అన్నాడు, బాబాయ్ నలభై ఒకటి నుంచి అరవై మూడుకి ఎగబాకడాన్ని ‘నిద్రాణ శక్తి’ అన్నాడు. పెట్టెలన్నిటినీ ఫోటో తీసుకున్నాడు. తన పద్ధతి ఇంత త్వరగా పనిచేస్తుందని తనే అనుకోలేదన్నాడు. ఆ ఒక్క మాటా నిజం.

కానీ కాగితానికి చివరి పేరు కావాలి. మధ్యాహ్నం మేనేజరు గారి గదిలో అక్క ముందు ఆ కాగితం పడింది. ఎనిమిది గడుల్లో ఎనిమిది పేర్లు సమానంగా ఉన్నాయి, కింద ఒక గడి ఖాళీగా ఉంది.

“సమానమైతే సూపర్‌వైజరే తేల్చాలని నియమం ఉందమ్మా” అంది మేనేజరు గారు. “ఎవరో ఒకరి పేరు రాయండి. పైనుంచి అడుగుతున్నారు.”

“పెద్దత్త పేరు రాయనా అండీ?”

మేనేజరు గారు కలం తీసింది. “ఎవరావిడ?”

“పాత మనిషి. పనికి వంక పెట్టలేం గానీ, రోజూ రెండుసార్లు నీళ్ళు కారుస్తుంది. పెద్ద గోల.”

“ఆరోగ్య సమస్యా? ఎంప్లాయీ నంబరు చెప్పండి.”

“నంబరు వీపు మీద ఉంటుందండి. రేకు మీద కొట్టి ఉంటుంది.”

మేనేజరు గారు కలం కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

“గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో తెలుసా? తేల్చలేని సూపర్‌వైజరు సూపర్‌వైజరు కాదు. మిమ్మల్ని బల్ల దగ్గరికి దింపాల్సి ఉంటుంది. పర్మనెంటు ఉత్తరం నా సొరుగులో టైపు చేసి ఉంది, మీ పేరుతో.”

“స్పెల్లింగు సరిగ్గా ఉందాండీ?”

“ఉంది.”

“అయితే అక్కడే ఉంచండి” అని, గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టింది.

దీన్ని త్యాగం అంటే అక్కకి చిరాకు. ఆవిడ లెక్క వేరు. కొత్త మనిషి బల్ల దగ్గరికి వస్తాడు, బిళ్ళల కోసం గుడ్డలు విసురుతాడు, ఒక రోజు సూది ఎవరి చేతిలోనో దిగుతుంది, ఆ చెయ్యి ఎవరిదో తను ప్రతి రోజూ చూస్తుంది. ఈ ఖర్చు ముందు పర్మనెంటు కాగితం చవగ్గా కనిపించింది. అంతే. దానికి హారతులు అక్కర్లేదు. ఇంటికి వెళ్ళి చెబితే భర్త కుట్టు ఆపి, “సరే” అన్నాడు, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు. ఆ వారమంతా ప్యాంట్ల కుట్లు వంకరగా వచ్చాయి.

పైవాళ్ళకి కావలసింది ఒక చర్య. ఒక సూపర్‌వైజరుని దింపడం కూడా చర్యే, కాబట్టి బాబాయ్ జోలికి ఎవరూ రాలేదు. ట్రైనరు వేరే ఆసుపత్రులకి వెళ్ళి, సమానంగా నిండిన ఎనిమిది పెట్టెల ఫోటోని తెర మీద చూపించి శాండ్‌విచ్ బోధిస్తున్నాడు. ఆ ఫోటో మూలన నడుం మీద చేతులు పెట్టుకున్న ఒక ఆడమనిషి మోచెయ్యి మాత్రం కనిపిస్తుంది.

కొత్త సూపర్‌వైజరు ఎవరనుకున్నారు? మెరుపు. అహం కరిగినవాడు ఇంకెవరున్నారు? రెండు రోజుల శిక్షణ, అట్ట, కలం, తాత్కాలిక ఉత్తరం. మొదటి వారం అతను నిజాయితీగా శాండ్‌విచ్ పద్ధతి పాటించాడు. లోడింగ్ వదిన మళ్ళీ స్టూలు మీద కూలబడింది. ఇస్త్రీ దగ్గర మనిషిని పొగిడితే అతను జీతం పెంచమన్నాడు. డ్రయ్యరు దగ్గరున్నవాడు మధ్యలో తప్పు చెప్పేలోగా రొట్టె తినేసి వెళ్ళిపోయాడు.

అక్క బల్ల దగ్గర, బాబాయ్ పక్కన నిలబడింది. పదకొండేళ్ళు నడిపిన చోట మొదటి రోజు పనికొచ్చిన మనిషిలా తడమడం నేర్చుకుంటోంది.

“అరచెయ్యి కాదమ్మాయ్. వేళ్ళ చివర్లు ముందు పోవాలి. గట్టిగా తగిలిందంటే ఆగు.”

“ఇలాగా?”

“అలా తడిమితే కత్తెర నీకు నమస్కారం పెట్టి వెళ్ళిపోతుంది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. పాత సంగతులు కూడా కాసేపు నడిచాయి. ట్రాలీలు బల్ల పక్కన పేరుకుపోయాయి. తొమ్మిదైంది, తొమ్మిదిన్నరైంది, పెద్దత్త ఖాళీ పొట్టతో నోరు తెరుచుకుని కూర్చుంది.

మెరుపు బల్ల వైపు రెండడుగులు వేశాడు. అట్ట మీది కాగితంలో పొగడ్తల జాబితా ఉంది, దాన్ని ఒకసారి చూశాడు. అక్క తలెత్తి చూసింది. అతను అట్టని స్టూలు మీద పెట్టేసి, వెనక్కి తిరిగి, పెద్దత్త ముందుకెళ్ళి, గొంతు సవరించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“పెద్దత్తా” అన్నాడు. “ఈ మధ్య నీకు బట్టలు ఆలస్యంగా అందుతున్నాయి కదూ. మరి నువ్వు కబుర్లు తగ్గిస్తే, నీ పొట్ట తొందరగా నిండుతుంది కదా. పెద్దదానివి, నేను చెప్పాలా?”

గది మొత్తం గుడ్డల మీదికి తల వంచుకుంది. లోడింగ్ వదిన పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క చేతిలో గలీబు ఒక్క క్షణం ఆగింది. పదకొండేళ్ళలో ఆవిడ ఈ తిట్టు ఈ వైపు నుంచి వినడం ఇదే మొదటిసారి. నిజంగానే మొహం చిన్నబోలేదు. వేళ్ళు మాత్రం వాటంతటవే వేగం పెంచాయి.

“పెద్దత్త అంటోంది” అంది అక్క, తల ఎత్తకుండా, “పదింటికల్లా నిండిపోతుందట. ఇంకోసారి కబుర్లు ఉండవట.”

తర్వాత బాబాయ్ వైపు వంగి, నెమ్మదిగా అంది, “తలుపు చరచడం మర్చిపోయాడు. రేపు చెబుతా.”